ఖాళీ డబ్బా పారేయనివాళ్ళ చరిత్ర

సూదులు, గుండీలు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, చిల్లర, తాళంచెవులు, మందుబిళ్ళలు, దేనిదో గుర్తులేని ఒక స్క్రూ. ఇల్లు సర్దడమంటే అసలు వీటిని సర్దడమే. మంచం, బీరువా ఎక్కడ ఉండాలో ఒకసారి అనుకుంటే పదేళ్ళు కదలవు. ఈ చిన్న వస్తువులు మాత్రం రోజుకో చోట చేరి మనచేత వెతికిస్తాయి.

రాజులు ఖజానా ఎక్కడ దాచారో పుస్తకాల్లో దొరుకుతుంది. ఒక ఇల్లాలు సూది ఎక్కడ దాచుకుందో, నాలుగు రూపాయలు ఎక్కడ దాచుకుందో ఎవరూ రాయలేదు. కానీ ఆ చరిత్ర పూర్తిగా చెరిగిపోలేదు. సగం మన మాటల్లో ఉంది, సగం మన వంటింటి అటక మీద ఉంది. నేను చదివింది తెలుగు బి.ఏ., ఉండేది సికింద్రాబాదులో. కాబట్టి కొంతదూరం మాటల వెంట, కొంతదూరం డబ్బాల వెంట వెళ్ళి చూద్దామనిపించింది.

గోడలోనే అలమార

పాతకాలం ఇళ్ళల్లో అలమార విడిగా కొనే పని లేదు. మట్టితోనో రాతితోనో కట్టిన గోడలు మూరెడు మందాన, కొన్నిచోట్ల అంతకు మించి ఉండేవి. కట్టేటప్పుడే అక్కడక్కడా ఖాళీ వదిలితే అది గూడు. దీపానికో గూడు, దేవుడికో గూడు, వంటింట్లో ఉప్పుకి, చింతపండుకి ఒకటి, పడకగదిలో దువ్వెనకి, కాటుక భరిణెకి ఒకటి. పిట్ట ఉండేదాన్నీ గూడే అంటాం, వస్తువు ఉండేదాన్నీ గూడే అంటాం. సాయంత్రానికి పిట్ట గూటికి చేరినట్టే వస్తువు కూడా తన గూటికి చేరాలన్నమాట. ఇల్లు సర్దే సూత్రాలన్నీ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయనిపిస్తుంది నాకు. హైదరాబాదు ఉర్దూలో ఈ గూడునే తాక్ అంటారు. పాత డేవిడీల్లో కమాను ఆకారంలో, సున్నపు నగిషీలతో ఉండేవి. పేదింట్లో అదే గూడు పేడతో అలికి, ముగ్గు వేసి ఉండేది. ఆకారం వేరు, పని ఒక్కటే.

గోడ తర్వాత కప్పు. దూలానికి ఉట్టి వేలాడేది. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి అందులో. పిల్లికి అందదు, చీమలు అంత సులువుగా చేరవు, పిల్లల చేతికీ అందదు. ‘ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట’ అని సామెత పుట్టిందంటే ఉట్టి ప్రతి ఇంట్లో ఎంత మామూలు వస్తువో తెలుస్తోంది కదా. ఇప్పుడు ఉట్టి కృష్ణాష్టమికి వీధిలో కనిపించడమే. ఇంకా పైన అటక. ఏడాదికోసారి తీసే పెద్ద గిన్నెలు, పాత గంపలు అక్కడికి వెళ్ళేవి. పని ఆగిపోతే ‘అటకెక్కింది’ అంటాం. ఆఫీసు ఫైలు కూడా అటకెక్కుతుంది, ఆ ఆఫీసుకి అటక లేకపోయినా!

బట్టలకి దండెం, తగిలించడానికి చిలకకొయ్య. గోడలో దిగ్గొట్టిన చెక్క మేకు చివర చిలక ఆకారం చెక్కితే అది చిలకకొయ్య. చొక్కా తగిలించే మేకుకి కూడా చిలకని చెక్కుకున్నారంటే వాళ్ళకి తీరికెక్కువని కాదు, రోజూ కంటికి కనబడే వస్తువు అందంగా ఉండాలని.

ఒక్క లెక్క గమనించండి. రోజూ వాడేది చేతికందే ఎత్తులో గూట్లో, కాపాడాల్సింది తలపైన ఉట్టిలో, ఏడాదికోసారి తీసేది అటక మీద. ఎంత తరచుగా వాడతామో దాన్నిబట్టే ఎత్తు. ఇవాళ మాడ్యులర్ కిచెన్ అమ్మేవాళ్ళు లక్షల రూపాయలకి చెప్పే రహస్యం ఇదే.

ఇక అలమార అనే మాట మనది కాదు. పోర్చుగీసు వాళ్ళ ‘అర్మారియో’ మన ఓడరేవుల మీదుగా వచ్చి అలమార అయింది. సందుగ అరబ్బీ ‘సందూక్’ నుంచి వచ్చింది. బీరువా ఫ్రెంచివాళ్ళ ‘బ్యూరో’. హైదరాబాదు ఉర్దూలో ఊరగాయ జాడీని మర్తబాన్ అంటారు, అది బర్మాలోని ఒక రేవు పేరు. ఆ రేవు నుంచి పెద్ద పెద్ద జాడీలు ఓడల్లో వెళ్ళేవి. గూడు, ఉట్టి, బుట్ట, తట్ట, పెట్టె మాత్రం మన మాటలే. గోడలో ఉన్నదానికి మన పేరు, కొనుక్కొచ్చి గోడకి ఆనించినదానికి పరాయి పేరు. ఏది మొదటినుంచీ ఉందో, ఏది తర్వాత వచ్చిందో మాటలే చెప్పేస్తున్నాయి.

కొంగు, రొంటి, బొడ్డుసంచి

జేబు కూడా మన మాట కాదు. అరబ్బీ నుంచి పార్శీ, ఉర్దూల మీదుగా వచ్చింది. వచ్చి ఎవరి బట్టల్లో చేరింది? మగవాళ్ళ చొక్కాల్లో, లాల్చీల్లో. చీరకి జేబు లేదు, రవికకీ లేదు. మరి ఆడవాళ్ళు చిన్న వస్తువులు ఎక్కడ పెట్టుకునేవారు?

ఒంటి మీదే. కొంగు చివర ముడివేసి చిల్లర. రొంటిన దోపుకుంటే తాళంచెవి. పల్లెల్లో పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళ నడుముకి బొడ్డుసంచి. తెలంగాణలో పెద్ద వయసు ఆడవాళ్ళ దగ్గర ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. గుడ్డతో కుట్టిన చిన్న సంచి, లోపల రెండు మూడు అరలు, పైన రెండు తాళ్ళు. తాళ్ళు అటూ ఇటూ లాగితే మూతి బిగుసుకుంటుంది. ఒక అరలో ఆకులు, ఒక అరలో వక్కలు, సున్నం డబ్బీ, అన్నిటికంటే లోపలి అరలో డబ్బులు. అరలున్న హ్యాండ్‌బ్యాగు కొత్తగా వచ్చిందనుకుంటాం. నాట్లు వేసే ఆడవాళ్ళు దాన్ని ఎప్పటినుంచో నడుముకి కట్టుకునే తిరిగారు, అదీ రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంచుకుని.

తాళాల గుత్తిది ఇంకో కథ. అది ఎవరి నడుముకి ఉంటే ఇంటి పెత్తనం వాళ్ళది. బియ్యం, బెల్లం, నెయ్యి ఉన్న గదికి తాళం అత్తగారి దగ్గర. కోడలికి ఆ గుత్తి చేతికొచ్చిన రోజు ఇంట్లో చిన్న పట్టాభిషేకమే. అంతదాకా ఆమె సొంత తాళం అంటూ ఉంటే అది ఒక్కదానికే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టెకి. ఇంటినిండా వస్తువులున్నా అందులో తనవి అని చెప్పుకోగలిగినవి ఆ పెట్టెలో పట్టినంతే.

పట్టాలెక్కి వచ్చిన రేకు పెట్టె

ఆ పెట్టె ముందు చెక్కది. కాస్త కలవాళ్ళ ఇంట్లో అయితే భోషాణం. పదిమంది ఎత్తినా కదలదు కాబట్టి దొంగ భయం తక్కువ. కదలకపోవడమే దాని గొప్ప. ఈ పద్ధతిని మార్చినవాటిలో మా ఊరి పుట్టుకకీ చోటుంది.

1798లో నిజాముకీ ఇంగ్లీషు కంపెనీకీ ఒప్పందం కుదిరి, కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో ఆ చోటికి మూడో నిజాము సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాదు. సైన్యం ఉన్న ఊరంటే మనుషులు ఎప్పుడూ వస్తూ పోతూ ఉండే ఊరు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేకి సికింద్రాబాదే కేంద్రమైంది. సైన్యం, రైల్వే రెండూ బదిలీల ఉద్యోగాలే. మూడేళ్ళకోసారి కాపురం ఎత్తేవాళ్ళకి భోషాణం ఏం పనికొస్తుంది? వాళ్ళకి కావాల్సింది ఇద్దరు కూలీలు ఎత్తగలిగే పెట్టె, బెర్తు కింద దూరే పెట్టె. అలా ట్రంకుపెట్టె మన ఇళ్ళల్లోకి వచ్చింది.

నల్లరంగో ఆకుపచ్చరంగో వేసి, పైన తెల్లరంగుతో ఇంటిపేరు, ఊరిపేరు రాసిన ట్రంకుపెట్టెలు మెట్టుగూడ, చిలకలగూడ వైపు రైల్వే కుటుంబాల్లో ఇప్పటికీ మంచాల కింద ఉంటాయి. మీద పాత చీర కప్పితే అదే బల్ల. రెండు కలిపితే పిల్లవాడి మంచం. ఒకదాని మీద ఒకటి పేరిస్తే చిన్న గదిలో అలమార. కదిలే ఇంటికి కదిలే గూడు.

సైన్యంతోనే ఇంకోటి కూడా వచ్చింది. రేకు డబ్బా. ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ అనే ఆయన తగరం పూత పూసిన రేకు డబ్బాల్లో ఆహారం నిలవచేసే పద్ధతికి 1810లో పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో వాటిని తెరవడానికి సుత్తి, ఉలి కావాల్సి వచ్చేవి. తెరిచే సాధనానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1858లో. అంటే డబ్బా వచ్చాక దాన్ని తెరిచే దారి కనుక్కోవడానికి దాదాపు యాభై ఏళ్ళు! ఈ కథలో వంటింటి మనిషి ఎవరైనా ఉండుంటే ఈ సంగతి మొదటిరోజే అడిగి ఉండేది. బిస్కెట్ల డబ్బాకి మాత్రం మొదటినుంచీ మూత ఉండేది. ఇంగ్లండులోని హంట్లీ అండ్ పామర్స్ కంపెనీ 1868లో మొదటిసారి రంగుల బొమ్మలు అచ్చువేసిన డబ్బా చేయించింది. బిస్కెట్లు అయిపోయినా డబ్బా పారేయబుద్ధి కాకూడదు, దాంతోపాటు కంపెనీ పేరు ఇంట్లో ఉండిపోవాలి అన్నది ఆ వ్యాపారం తెలివి.

ఆ తెలివి మన దగ్గర వాళ్ళనుకున్నదానికంటే బాగా పనిచేసింది. తెల్లవాళ్ళకి మూతపడే గట్టి డబ్బా కాస్త ముచ్చటైన వస్తువు. మనకి అది వర్షాకాలాన్ని ఆపే వస్తువు. చెమ్మ పడితే ఉప్పు నీరవుతుంది, సూదులు తుప్పు పడతాయి, కాగితాలు బూజు పడతాయి, పప్పుకి పురుగు పడుతుంది. గాలి చొరబడని డబ్బా అంటే అటువంటి ఇంట్లో వరమే.

కిరసనాయిలు, డాల్డా, హార్లిక్స్

కొనుక్కున్న డబ్బా కంటే ఖాళీ అయిన డబ్బాకే మన ఇళ్ళల్లో మర్యాద ఎక్కువ. మొదటి పెద్ద డబ్బా కిరసనాయిలుది. నాలుగు గాలన్లు, అంటే సుమారు 18 లీటర్లు పట్టే నలుచదరం డబ్బా. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి దీపాల నూనెతో ఊరూరా తిరిగింది. నూనె అయిపోయాక అసలు జీవితం మొదలయ్యేది. పైరేకు కోసి, అంచులు మడిచి, కర్ర అడ్డంగా కొడితే నీళ్ళు మోసే కావడి డబ్బా. కడిగి ఎండబెట్టి, మూతా గొళ్ళెం పెట్టిస్తే బియ్యం డబ్బా. చిల్లుపడితే మాటు వేసేవాళ్ళు వీధిలోకే వచ్చేవారు. ఇక పనికిరాదనుకున్నాక విప్పి పరిస్తే వంటింటి పైకప్పుకి రేకు. రెండేసి డబ్బాలు పట్టే చెక్కపెట్టెలు గోడకి బిగిస్తే అరలయ్యేవి. ఒక్క వస్తువుకి ఇన్ని జన్మలు!

1937లో డాల్డా వచ్చింది. పసుపుపచ్చ డబ్బా, మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ. వనస్పతి మంచిదా, నెయ్యికి సాటి వస్తుందా అని పెద్దవాళ్ళు చాలా ఏళ్ళు వాదించుకున్నారు. డబ్బా విషయంలో ఏ వాదనా లేదు. పెద్దది పప్పులకి, చిన్నది మరమేకులకి, తుప్పు పట్టినది తులసి మొక్కకి. పెరట్లో డాల్డా డబ్బాలో తులసి లేని ఇల్లు మా చిన్నప్పుడు చూడలేదు. డాల్డా తినం అనే ఇళ్ళల్లో కూడా డబ్బా ఉండేది. ఎలా వచ్చిందని అడగకూడదంతే.

తర్వాత గాజు సీసాల కాలం. జ్వరం వచ్చినప్పుడు కొనే హార్లిక్సు సీసా, తగ్గాక కందిపొడికి, చింతపండుకి, పిల్లల గోళీలకి. ఆ పానీయం గోదావరి పక్కన ధవళేశ్వరంలోనే తయారవడం మొదలయ్యాక మన వంటిళ్ళల్లో ఆ సీసాల వరసలు ఇంకా పెరిగాయి. గాజు గొప్పతనం ఏమిటంటే మూత తీయకుండానే లోపల ఏముందో, ఎంతుందో కనిపిస్తుంది. చదువురాని ఇల్లాలికి చీటీ అంటించక్కర్లేని డబ్బా అది.

ఇంకా చిన్నవాటికి అగ్గిపెట్టె. 1920లలో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలై, క్రమంగా ప్రతి ఇంటికీ చవకగా అందింది. ఖాళీ అగ్గిపెట్టెలు ఎనిమిదో పన్నెండో ఒకదానికొకటి అంటించి, పైన రంగుకాగితం చుట్టి, ఒక్కోదానికి గుండీ కుట్టి లాగే పిడిలా పెడితే బుల్లి సొరుగుల పెట్టె తయారు. స్కూల్లో క్రాఫ్టు పీరియడులో అది చేయని ఆడపిల్ల మా తరంలో ఉండదు. హుక్కులు, గుండీలు, పూసలు, ఊడిన చెవిదుద్దు శీల, ఒక్కోదానికి ఒక్కో సొరుగు. ఇంతకంటే మంచి కుట్టుపెట్టె నేను ఏ దుకాణంలోనూ చూడలేదు.

డబ్బా మీద పేరు

స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో పుట్టింది. తుపాకి గొట్టాలకి అరిగిపోని లోహం కోసం వెతుకుతూ హ్యారీ బ్రియర్లీ దాన్ని కనిపెట్టాడు. అది మన ఇత్తడినీ కంచునీ వంటింట్లోంచి పంపించేసింది. కళాయి పూయించక్కర్లేదు, చింతపండుతో తోమక్కర్లేదు, పులుపు వేసినా చెడదు. అంతకుముందు 1898లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టించాడు కానీ, సత్తుగిన్నె చవకగా దొరికింది తప్ప స్టీలుకొచ్చిన గౌరవం దానికి రాలేదు. స్టీలు పెళ్ళి సారెలోకి ఎక్కింది. జరీచీర ఇస్తే స్టీలు బిందె, నాలుగు పాత ప్యాంట్లిస్తే రెండు డబ్బాలు అంటూ తట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చేవాళ్ళు. గంటసేపు బేరం. ఇంట్లో మగవాళ్ళకి తెలియకుండా, వాళ్ళ ప్యాంట్లతోనే జరిగే వ్యాపారం అది.

స్టీలుతో ఇంకో మంచి అలవాటు వచ్చింది, పేరు కొట్టించడం. సికింద్రాబాదులో పాట్ మార్కెట్లోనో జనరల్ బజారులోనో సామాను కొంటే, కొట్టువాడు చిన్న మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఇచ్చేవాడు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ రోజు. గృహప్రవేశం, పెళ్ళి, బారసాల. మన ఆడవాళ్ళలో చాలామంది పేర్లు పొలం పట్టాలోనూ లేవు, ఇంటి దస్తావేజులోనూ లేవు. స్టీలు డబ్బా మూత మీద మాత్రం ఉన్నాయి, తేదీతో సహా. మా అత్తగారి పుట్టింటి ఇంటిపేరు నాకు మొదట తెలిసింది మినపప్పు డబ్బా అడుగున చూసే.

పోపుల పెట్టె అనే బ్యాంకు

ఇన్ని డబ్బాల్లోనూ ఇల్లాలికి దగ్గరది పోపుల పెట్టె. గుండ్రటి పెట్టెలో ఆరో ఏడో చిన్న గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపప్పు, శనగపప్పు, పసుపు, ఎండుమిరప. అందులో ఎండుమిరప ఆలస్యంగా వచ్చిన చుట్టం. పోర్చుగీసువాళ్ళ వల్ల పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియాలదే. పోపు మాడేలోపు చెయ్యి చూడకుండా వెళ్ళి పట్టుకోవాలి కాబట్టి ఏ గిన్నె ఎక్కడుండాలో ఇంటి ఇల్లాలికే తెలుస్తుంది. ఇంకెవరూ దాని జోలికి రారు. అందుకే డబ్బులకి అంతకంటే భద్రమైన చోటు లేదు.

దీన్ని నవ్వులాటగా చెప్పుకుంటాం. ‘పోపుల డబ్బాలో డబ్బులు’ అని సినిమాల్లో జోకులు కూడా ఉంటాయి. కానీ ఎందుకు దాచాల్సి వచ్చిందని ఒకసారి ఆలోచించండి. పాత ధర్మశాస్త్రం ప్రకారం ఆడదానికి సొంతమైనది స్త్రీధనం, అంటే పెళ్ళిలో పుట్టింటివాళ్ళూ బంధువులూ ఇచ్చిన కానుకలు. భూమిలో, ఇంట్లో వాటా సంగతి చట్టం తీరిగ్గా తేల్చింది. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టంతో ఆమె చేతికొచ్చిన ఆస్తి పూర్తిగా ఆమెదే అయింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ జన్మహక్కు ఇస్తూ మన ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికానివాళ్ళకే. దేశమంతటా కూతుళ్ళందరికీ అని వచ్చింది 2005లో. ఈ తేదీల మధ్య ఎన్ని తరాల ఆడవాళ్ళు గడిచిపోయారో లెక్కపెట్టండి. వాళ్ళందరి బ్యాంకూ ఆవాల గిన్నె కిందే ఉంది.

ఆ బ్యాంకుకి కష్టాలు కూడా వచ్చాయి. మా ఊళ్ళో మొదటినుంచీ రెండు రకాల రూపాయలు. నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువాళ్ళ కల్దారు ఒకటి. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దారు రూపాయలు. కంటోన్మెంటు బజారుకి వెళ్ళే ఆడవాళ్ళు ఈ మారకం లెక్క నోటితోనే చేసేవారట. 1918 నుంచి నిజాముకి కాగితం నోట్లు కూడా ఉండేవి. 1950లో భారత రూపాయి వచ్చినా 1959 దాకా హాలీ సిక్కా కూడా చెల్లింది, తర్వాత లేదు. ఈలోగా 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. 2011 జూన్ 30తో పావలా కూడా చెల్లకుండా పోయింది. హైదరాబాదు మాటల్లో ‘చారాణా’ మాత్రం ఇంకా చెల్లుతూనే ఉంది.

ప్రభుత్వం డబ్బు మార్చిన ప్రతిసారీ మగవాడు జేబులో ఉన్నది మార్చుకున్నాడు. ఆడవాళ్ళు ముందు దాచింది బయటపెట్టాలి, ఎందుకు దాచావన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఆ తర్వాత మార్చుకోవాలి. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందల, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఇది మనందరం కళ్ళారా చూశాం. ‘అబ్బో, నీ దగ్గర ఇంత ఉందా’ అని నవ్విన భర్తలూ ఉన్నారు, అలిగినవాళ్ళూ ఉన్నారు, ఆ డబ్బు అప్పుకి కట్టేసినవాళ్ళూ ఉన్నారు. పిల్ల ఫీజుకో, పుట్టింటికి వెళ్ళినప్పుడు చేతిలో ఉండడానికో, ఎవరినీ అడక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్ళడానికో కూరగాయల డబ్బుల్లోంచి మిగుల్చుకున్నది అది. ఇంటి లెక్కల్లో కలిసిపోయాక మళ్ళీ విడిగా రాలేదు.

మా పాత వీధిలో ఒక పెద్దావిడ ఆ నవంబరులో మంచం మీద ఉన్నారు. మాట సరిగా రావడం లేదు. కొన్నాళ్ళకి పోయారు. ఆ తర్వాత ఇల్లు బిల్డరుకి ఇస్తూ సామాను దించుతుంటే, బియ్యం డబ్బా అడుగున వేసిన క్యాలెండరు కాగితం కింద పొరలు పొరలుగా పాత అయిదువందల నోట్లు. చిల్లరగా దాచుకుని, పోగయ్యాక పెద్దనోటుగా మార్చుకుని పెట్టుకున్నవి. గడువు ఎప్పుడో అయిపోయింది. ఆవిడ కూతురు నోట్ల కోసం ఏడవలేదు. ‘అమ్మకి ఈ డబ్బు దేనికి కావాల్సొచ్చిందో నాకెప్పుడూ చెప్పలేదు’ అని ఏడ్చింది.

డబ్బా నుంచి పుస్తకంలోకి

దాచుకున్నది రహస్యంగానే ఉండనక్కర్లేదని మన ఆడవాళ్ళే చేసి చూపించారు కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. రోజుకో రూపాయి. అంతకుముందు కూడా ఆ రూపాయి దాస్తూనే ఉన్నారు, కాకపోతే ఎవరి డబ్బాలో వాళ్ళు. పదిమంది డబ్బాలు ఒకచోట చేరి, పేరుతో పుస్తకంలో ఎక్కేసరికి అదే రూపాయికి బ్యాంకు అప్పిచ్చింది. దాచే చోటు మారితే దాచిన మనిషికి ఇంట్లో చోటు కూడా మారుతుందని నాకు అర్థమైంది ఇక్కడే.

ఇప్పటి ఇళ్ళ సంగతికొస్తే, ఫ్లాటు గోడ నాలుగంగుళాలో తొమ్మిదంగుళాలో. అందులో గూడు పట్టదు. మారేడుపల్లిలో, పద్మారావునగర్‌లో మూరెడు గోడల ఇళ్ళు ఒక్కొక్కటే పడిపోయి అపార్టుమెంట్లవుతున్నాయి. అమెరికాలో 1946లో మొదలై, 1996లో మన దేశానికి వచ్చిన టప్పర్‌వేర్ దగ్గర్నుంచి ఆన్‌లైన్లో దొరికే ఆర్గనైజర్ల దాకా అన్నీ కొంటున్నాం, ఖాళీ సీసాలు మాత్రం పారేస్తున్నాం. నేను పాత లెక్కలే ఇప్పటికీ పాటిస్తాను. తలుపు వెనక అరల సంచి ఒకటి కుట్టి తగిలించాను, అది నా బొడ్డుసంచి. కత్తెర, టేపు, మందుల చీటీలు అందులో. కాఫీ సీసాల మూతల్ని అర అడుగు భాగానికి స్క్రూతో బిగించి, సీసాలు కిందనుంచి తిప్పి పెట్టాను. మేకులు, గుండీలు, రబ్బరు బ్యాండ్లు గాల్లో వేలాడతాయి, అది నా ఉట్టి. పాత బిస్కెట్ డబ్బాలో దారాలు. ఒక్క వస్తువు కూడా కొనలేదు.

డబ్బుల విషయంలో మాత్రం పాత పద్ధతికి రెండు కలపాలి. ఒకటి, మన పేరుతో మనకే ఒక ఖాతా, దానికి నామినీ. ఇంటి ఖాతాలో రెండో పేరుగా ఉండడం వేరు, ఇది వేరు. రెండు, డబ్బాలో దాచినది ఎక్కడుందో, దేనికోసమో ఒక్క మనిషికైనా తెలిసి ఉండాలి. కూతురికో, చెల్లెలికో, కోడలికో. ఒక చిన్న చీటీ మీద రాసి ఆ డబ్బులతోపాటే పెట్టినా చాలు. గుట్టు మంచిదే, కానీ ఆ గుట్టు మనతోనే పోతే దాచిన కష్టమంతా వృథా.

ఈసారి అటక దులిపినప్పుడు పాత డబ్బా దొరికితే తూకానికి వేసేముందు మూత వెనకా, అడుగునా ఒకసారి చూడండి. ఒక పేరు, ఒక తేదీ ఉండొచ్చు. క్యాలెండరు కాగితం ఉంటే అది కూడా ఎత్తి చూడండి.